ఐదు గదులు, ఐదు రకాల గోడలు: ఇంటి రంగుల ప్రాజెక్టు డైరీ

ఇల్లు పాతది. హాలు, రెండు పడకగదులు, వంటగది, బాత్‌రూం. ఒక్కో గదికి ఒక్కో కాలంలో ఒక్కో రకం పూత పడింది. ఏ గోడ మీద ఏముందో రాసిపెట్టిన కాగితం లేదు. అందుకే షేడ్ కార్డును పక్కన పెట్టి ఈ వరసలో నిర్ణయాలు తీసుకున్నాం: ముందు గోడలో చెమ్మ, తర్వాత పాత పూత, ఆ తర్వాత మెరుపు, ఆఖరికి రంగు. ఈ వరస తిరగబడితే ఎంత మంచి పెయింటైనా నిలవదని నా నమ్మకం. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి, పరీక్షలు మాత్రం ఇవే పనికొస్తాయి.

దశ 1: కొలతలు

గోడల ఎత్తు అన్ని గదుల్లో 3 మీటర్లు. తలుపులు, కిటికీలు, టైల్స్ తీసేశాక మిగిలిన గోడ ఇది (చదరపు మీటర్లలో):

1. హాలు (5.4 × 3.9): గోడలు 47.4, సీలింగ్ 21.1
2. పెద్ద పడకగది (4.2 × 3.6): గోడలు 40.8, సీలింగ్ 15.1
3. పిల్లల గది (3.6 × 3.0): గోడలు 36.0, సీలింగ్ 10.8
4. వంటగది (3.3 × 2.7): గోడలు 23.9, సీలింగ్ 8.9
5. బాత్‌రూం (2.4 × 1.5), టైల్స్ పైభాగం మాత్రమే: గోడలు 6.8, సీలింగ్ 3.6

మొత్తం: గోడలు 154.9 + సీలింగ్ 59.5 = 214.4 చదరపు మీటర్లు.

అడుగుల్లో కావాలంటే 10.76తో గుణించండి. మేం మీటర్లలోనే ఉంచాం, ఎందుకంటే పూత మందం లెక్క మీటర్లలో చాలా తేలిక: లీటరు పెయింటును 10 చదరపు మీటర్లకు సమంగా పరిస్తే తడి పూత సరిగ్గా 100 మైక్రాన్లు (మిల్లీమీటరులో పదో వంతు) ఉంటుంది. ఈ లెక్క తర్వాత చాలాచోట్ల అక్కరకొచ్చింది.

దశ 2: గోడ పరీక్షలు

పనిముట్లు: స్పిరిట్, దూది, నల్ల గుడ్డ, గట్టిగా అంటుకునే టేపు, కొత్త బ్లేడు, స్టీలు స్కేలు, ప్లాస్టిక్ షీటు, పీహెచ్ కాగితాలు (క్షారగుణం చూడటానికి), పిన్నుల తేమ మీటరు, టార్చి.

ప్రతి గదిలో కనీసం రెండు చోట్ల, ఒకటి కింద, ఒకటి పైన, ఇలా చేశాం:

1. దూదిని స్పిరిట్‌లో ముంచి గట్టిగా రుద్దాలి. పూత మెత్తబడి దూదికి రంగు అంటితే అది నీళ్ల ఆధారిత ఎమల్షన్. ఏమీ కాకపోతే ఆయిల్ పెయింటు, అంటే ఎనామిల్.
2. నల్ల గుడ్డతో తుడవాలి. తెల్లటి పొడి వస్తే పూత సుద్దగా మారుతోందని అర్థం.
3. బ్లేడుతో 2 మిల్లీమీటర్ల ఎడంలో ఆరు గాట్లు, వాటికి అడ్డంగా మరో ఆరు పెట్టాలి. 25 చిన్న గళ్లు వస్తాయి. టేపు అతికించి లాగి, ఎన్ని గళ్లు ఊడాయో చూడాలి. ఐఎస్ఓ 2409 ప్రమాణంలో ఉన్న పద్ధతి ఇదే.
4. 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపు వేసి కనీసం 16 గంటలు ఉంచాలి. కాంక్రీటులో చెమ్మ చూడటానికి వాడే పరీక్ష ఇది, గోడకూ పనికొచ్చింది.

ఫలితాలు: హాలు, పెద్ద పడకగది పాత ఎమల్షన్. గాట్ల పరీక్షలో ఒకటి రెండు గళ్లకు మించి ఊడలేదు. పిల్లల గదిలో డిస్టెంపర్ (సుద్దతో చేసే పాతకాలపు పూత), నల్ల గుడ్డ తెల్లబడిపోయింది, టేపుకు గళ్లన్నీ పొడితో సహా వచ్చేశాయి. వంటగదిలో ఎనామిల్. బాత్‌రూం సీలింగ్‌కు మూలల్లో నల్లటి బూజు. పెద్ద పడకగదిలో బాత్‌రూంను ఆనుకున్న గోడ దగ్గర ప్లాస్టిక్ షీటుకు గోడ వైపు నీటి చుక్కలు కట్టాయి.

చుక్కలు షీటుకు ఏ వైపున ఉన్నాయన్నదే ఇక్కడ అసలు విషయం. గది వైపు ఉంటే గదిలోని ఆవిరి చల్లబడి చేరిన తడి. గోడ వైపు ఉంటే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి. మొదటిదానికి గాలి ఆడేలా చేస్తే చాలు. రెండోదానికి మూలం మూసేదాకా ఏ పెయింటూ పనికిరాదు.

దశ 3: చెమ్మ గోడ

తేమ మీటరు పొడి గోడ మీద 9, ఈ గోడ అడుగున 24 చూపించింది. ఇలాంటి మీటర్ల స్కేలు చెక్క కోసం చేసింది, కాబట్టి సిమెంటు గోడ మీద ఆ అంకెలను శాతాలుగా తీసుకోకూడదు. పొడి చోటుతో పోల్చి తేడా చూడటానికే వాడాలి.

చెమ్మను అడ్డుకునే పూత లోపలి నుంచి వేసేస్తే పోతుందన్న సలహా చాలామంది ఇస్తారు. అలాంటి డబ్బా ఒకటి ఇంట్లో ఉంటే అర చదరపు మీటరు మేర వేసి చూశాం. కొన్నాళ్లకు పూత కింద బొబ్బలు లేచాయి, ఒకటి గుచ్చితే నీళ్లు కారాయి. పూత దాకా వచ్చిన నీరు బయటికి దారి లేక పూతనే తోసేసింది. పక్కనే వదిలేసిన ఖాళీ చోట ఉప్పు తెల్లగా పూసింది. నీరు ఆరుతూ గోడలోని లవణాలను పైకి తెచ్చి వదిలేస్తుంది కాబట్టి అలా అవుతుంది.

మూలం షవర్ కింద టైల్స్ సందుల్లో దొరికింది. ఆ సందులు నింపే గ్రౌట్ వేలితో గీకినా రాలుతోంది. తర్వాత చేసిన పని:

1. సందులు గీకి, పొడిగా ఆరనిచ్చి, కొత్త గ్రౌట్ నింపాం. మూలల్లో గ్రౌట్ బదులు సిలికాన్ సీలెంట్ వాడాం, ఎందుకంటే రెండు గోడలు కలిసే చోట కదలిక ఉంటుంది, గ్రౌట్ పగులుతుంది.
2. పడకగది వైపు బొబ్బలెక్కిన పూతంతా గీకేశాం.
3. ఉప్పును పొడి బ్రష్‌తోనే దులిపాం. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే వెళ్తుంది.
4. మీటరు 11కు దిగి, ప్లాస్టిక్ షీటు రెండు వైపులా పొడిగా వచ్చేవరకు ఆ గోడ ముట్టుకోలేదు.

ఈ ఎదురుచూపే ప్రాజెక్టులో అన్నిటికంటే కష్టమైన భాగం. మిగతా గదులు ముందుకు సాగుతుంటే ఒక్క గోడ బోసిగా కనబడుతూ ఉంటుంది, వేసేద్దాం అనిపిస్తుంది. ఆగండి.

పూత ఊడిన చోట కొత్తగా సిమెంటు ప్లాస్టరు పూశాం. తడిపి పీహెచ్ కాగితం పెడితే 12 దాటింది. కొత్త సిమెంటుకు అంత క్షారగుణం ఉండటం మామూలే. దాని మీద ఆయిల్ పెయింటు వేస్తే క్షారం పూతలోని నూనెను సబ్బుగా మార్చేస్తుంది. ఎమల్షన్‌లోనూ కొన్ని రంగులు పాలిపోతాయి. అందుకే కొత్త ప్లాస్టరుకు నాలుగు వారాలు ఆగమంటారు. మేం వారాలు లెక్కపెట్టకుండా కాగితం 9 చూపించాకే క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ (పెయింటుకు ముందు వేసే అడుగు పూత) వేశాం.

దశ 4: పాత పూతలు

పిల్లల గదిలో డిస్టెంపర్ మీద నేరుగా ప్రైమర్ వేసి ఒక చోట చూశాం. ఆరాక చూడటానికి గట్టిగానే ఉంది. టేపు వేసి లాగితే ప్రైమర్ పూర్తిగా, వెనకవైపు సుద్దతో సహా, ఊడి వచ్చింది. అంటే ప్రైమర్ డిస్టెంపర్‌ను బాగానే పట్టుకుంది, డిస్టెంపరే గోడను పట్టుకోలేదు. పైన ఏం వేసినా ఇదే జరుగుతుంది. గది మొత్తం తడిపి, స్క్రాపర్‌తో గీకి, స్పాంజితో కడిగి, నల్ల గుడ్డ నల్లగానే వచ్చేదాకా తీసేశాం. సున్నం వేసిన గోడలకూ ఇదే పద్ధతి.

వంటగది ఎనామిల్ వేరే రకం సమస్య. అది గోడను గట్టిగా పట్టుకునే ఉంది, పైన వేసేదాన్నే పట్టుకోనివ్వదు. మూడు చోట్ల మూడు రకాలుగా వేసి, ఒక వారం ఆరనిచ్చి గాట్ల పరీక్ష చేశాం:

- తుడిచి నేరుగా ఎమల్షన్: 25 గళ్లలో 23 ఊడాయి
- జిడ్డు కడిగి, 180 నంబరు గరుకు కాగితం పట్టించి, ఎమల్షన్: 9 ఊడాయి
- జిడ్డు కడిగి, గరుకు పట్టించి, నున్నటి తలాలను పట్టుకునే బాండింగ్ ప్రైమర్, ఆపై ఎమల్షన్: 1

మూడోదే ఖాయం చేశాం. జిడ్డు తీయకుండా గరుకు కాగితం పట్టిస్తే నూనె గీతల్లోకి వెళ్లి కూర్చుంటుంది, కాబట్టి కడగడం ముందు, గరుకు తర్వాత.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత ఎనామిళ్లలో సీసం ఉండొచ్చు. పెయింట్లలో సీసానికి ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం సూచించే గరిష్ఠ పరిమితి 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90. పాత పూతల్లో అంతకు ఎన్నో రెట్లు ఉన్న సందర్భాలున్నాయి. మా గోడలో ఉందనే అనుకుని పనిచేశాం: పొడిగా రుద్దలేదు, నీళ్లు చల్లి తడి గరుకు కాగితమే వాడాం, వేడి గాలితో కాల్చలేదు, నేల మీద ప్లాస్టిక్ పరిచి ఆ చెత్తను మూట కట్టి తీశాం, పని అయ్యేదాకా పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వలేదు.

బాత్‌రూం బూజును పలుచని బ్లీచ్ నీళ్లతో చంపి, కడిగి, ఆరబెట్టాం. బ్లీచ్‌లో యాసిడ్ గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ కలిస్తే విషవాయువు వస్తుంది, ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు.

దశ 5: ఎన్ని లీటర్లు?

డబ్బా మీద లీటరుకు 12 చదరపు మీటర్లు అని ఉంది. దాన్ని నమ్మి కొనే ముందు ప్రైమర్ వేసిన 4 చదరపు మీటర్ల గోడ మీద ఒక కోటు వేసి, ట్రే, రోలర్ సహా డబ్బాను ముందూ వెనకా తూచాం. 580 గ్రాములు తగ్గింది. ఆ పెయింటు లీటరు బరువు 1.38 కిలోలు. అంటే 0.42 లీటరు పట్టింది. లీటరుకు 9.5 చదరపు మీటర్లు.

తడి మందం 105 మైక్రాన్లు. వివరాల పత్రం ప్రకారం ఈ పెయింటులో ఆరాక మిగిలే ఘనభాగం 38 శాతం, కాబట్టి కోటుకు 40 మైక్రాన్లు, రెండు కోట్లకు 80. మామూలు ప్రింటరు కాగితం మందం కంటే తక్కువే. ఈ కాస్త మందం మీదే అంతా ఆధారపడుతుంది కాబట్టి నీళ్లు కలిపి సాగదీయడం వద్దనుకున్నాం. లీటరుకు 12 చదరపు మీటర్లు వచ్చేలా పలచగా లాగొచ్చు, కానీ అప్పుడు ఆరిన పూత పలచబడుతుంది, రెండు కోట్లకు గోడ కప్పుకోదు.

అంచనా, రెండు కోట్లకు:

- సీలింగ్‌లు (బాత్‌రూం కాక): 11.8
- హాలు: 10.0
- పెద్ద పడకగది: 8.6
- పిల్లల గది: 7.6
- వంటగది: 5.0
- బాత్‌రూం, సీలింగ్‌తో: 2.2

మొత్తం అంచనా: 45.2 లీటర్లు. డబ్బా మీది అంకెతో లెక్కేస్తే 35.7 వచ్చేది.

దశ 6: మెరుపు

మెరుపు ఎక్కువైతే కడగడానికి వీలు, తక్కువైతే గోడ లోపాలు కనబడవు. అందరికీ తెలిసిన సూత్రమే. హాల్లో చేతులు తగిలేది ఎక్కువ గనక ఓ మోస్తరు మెరుపున్న శాటిన్ అనుకున్నాం. కిటికీకి పక్కనున్న పొడవాటి గోడకు మొదటి కోటు వేశాం: 16.2 చదరపు మీటర్లు, 1.7 లీటర్లు.

పొద్దు వాలే వేళ కిటికీ వెలుతురు ఆ గోడ వెంట రాసుకుంటూ పోయింది. లప్పం పట్టీ లాగిన ప్రతి చారా, పాత మేకు పూడ్చిన ప్రతి మచ్చా పైకి తేలాయి. చేత్తో తడిమితే నున్నగానే ఉంది. వేలికి తెలియని ఎత్తుపల్లాలను వెలుతురు పట్టిచ్చింది.

మ్యాట్ అంటే మెరుపు లేకపోవడం అనుకుంటాం గానీ, ఏ కోణం నుంచి చూస్తున్నామన్నదే ముఖ్యం. ఐరోపా ప్రమాణం ఈఎన్ 13300లో మ్యాట్‌ను కొలిచేది 85 డిగ్రీల కోణంలో, అంటే గోడకు దాదాపు సమాంతరంగా వచ్చే వెలుతురులో. అక్కడ మెరుపు విలువ 10 కంటే తక్కువ వస్తే మ్యాట్, 5 కంటే తక్కువైతే డెడ్ మ్యాట్. మా హాలు గోడకు తగిలే సాయంత్రపు వెలుతురు సరిగ్గా ఆ కోణంలోనే వస్తుంది.

రెండు దారులున్నాయి. గోడంతా మళ్లీ లప్పం పెట్టి చదును చేయడం, లేదా మెరుపు తగ్గించడం. రెండోదే ఎంచుకున్నాం. మ్యాట్‌ను కడగలేమన్న భయం పాత పెయింట్లకు చెల్లుతుంది. ఇప్పుడు చూడాల్సింది మెరుపు పేరు కాదు, రుద్దుడు తరగతి. అదే ప్రమాణంలో 200 సార్లు తడిగా రుద్దాక పూత 5 మైక్రాన్లలోపు అరిగితే తరగతి 1, 5 నుంచి 20 అయితే తరగతి 2, 20 నుంచి 70 అయితే తరగతి 3. తరగతి 1 మ్యాట్ తెచ్చాం. శాటిన్ మీద 220 నంబరు గరుకు పట్టించి, దుమ్ము తుడిచి, వేశాం. అదే వేళ అదే చోట నిలబడి చూస్తే చారలు లేవు.

మీరు పెయింటు కొనక ముందే ఈ సంగతి తేల్చుకోవచ్చు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, టార్చిని గోడకు ఆనించి వెలుగు గోడ వెంట పడేలా పట్టుకోండి. నీడలు కనబడితే ఆ గోడకు మ్యాట్. మిగతా గదులన్నీ అలాగే చూశాక తేలినవి:

- సీలింగ్‌లు: డెడ్ మ్యాట్. వాటిని ఎవరూ ముట్టుకోరు, లోపాలు దాగితే చాలు
- పెద్ద పడకగది: మ్యాట్, తరగతి 2
- పిల్లల గది: మ్యాట్, తరగతి 1
- వంటగది: శాటిన్. గోడలు చిన్నవి, పక్క వెలుతురు లేదు, జిడ్డు తుడవాలి
- బాత్‌రూం: బూజును అడ్డుకునే మందు కలిసిన శాటిన్

వాసన విషయానికొస్తే, ఐరోపాలో 2010 నుంచి లోపలి మ్యాట్ పెయింట్లకు ఆవిరయ్యే రసాయనాల పరిమితి లీటరుకు 30 గ్రాములు, మెరుపున్న వాటికి 100. మీ దగ్గర ఆ నియమం లేకపోయినా డబ్బా మీద అంకె ఉంటే పోల్చుకోవడానికి పనికొస్తుంది. షేడ్ కోసం కలిపే రంగుల్లోనూ కొంత ఉండొచ్చు, అది ఈ అంకెలో చేరకపోవచ్చు.

దశ 7: రంగు

గోడ మీద నేరుగా నమూనా వేయలేదు. పాత రంగు పక్కన ఏ కొత్త రంగైనా తప్పుగా కనిపిస్తుంది. పెద్ద అట్టల మీద రెండేసి కోట్లు వేసి, చుట్టూ తెల్ల అంచు వదిలి, గది గదికీ తిప్పాం. ఎమల్షన్ తడిగా ఉన్నప్పటికంటే ఆరాక కాస్త ముదురుతుంది. తడిలో పాలలా తెల్లగా ఉండే యాక్రిలిక్ ఆరితే పారదర్శకమవుతుంది. అందుకని తడి అట్టను చూసి ఏదీ తేల్చలేదు.

పెద్ద పడకగదికి అనుకున్న నీలి బూడిద పగలు చక్కగా ఉంది. రాత్రి 2700 కెల్విన్ బల్బు (పచ్చటి, వెచ్చని వెలుగు) కింద మురికి ఆకుపచ్చగా మారింది. ఆ వెలుగులో నీలం చాలా తక్కువ, గోడ తిప్పి పంపడానికి ఏమీ ఉండదు. ఇంకాస్త తెల్లటి 4000 కెల్విన్ బల్బు కింద తేరుకుంది. బల్బు మార్చడమా, రంగు మార్చడమా అని ఇంట్లో చర్చ నడిచింది. పడకగది గోడను మనం ఎక్కువగా చూసేది రాత్రే. నిద్రపోయే గదికి వెచ్చని బల్బే నయం. రంగే మార్చాం: కాస్త ఎరుపు జీర ఉన్న బూడిద, వెలుతురును తిప్పి పంపే విలువ 52. ఆ విలువను షేడ్ కార్డు వెనక ఎల్ఆర్‌వీ అని రాస్తారు. నలుపుకు 0, తెలుపుకు 100. ఒకే వైపు కిటికీ ఉన్న హాలుకు 74 ఎంచుకున్నాం.

పిల్లల గదిలో మా అమ్మాయి గాఢ పసుపు అడిగింది. కిటికీ లేని 9 చదరపు మీటర్ల గోడకు రెండు కోట్లు వేశాక (1.9 లీటర్లు) కూడా లప్పం మచ్చలు పసుపులోంచి తెల్లగా తొంగిచూస్తున్నాయి. కారణం బేస్, అంటే దుకాణంలో షేడ్ కలపడానికి వాడే మూల పెయింటు. లేత రంగులు తెల్ల బేస్‌లో కలుపుతారు, అందులో గోడను కప్పే టైటానియం డయాక్సైడ్ దండిగా ఉంటుంది. గాఢ రంగులకు వాడే బేస్‌లో అది చాలా తక్కువ, ఎక్కువుంటే రంగు పాలిపోతుంది. ప్రకాశవంతమైన పసుపు పిగ్మెంట్లు చాలావరకు తమంతట తాము గోడను సరిగా కప్పలేవు.

మార్పులు రెండు. తెల్ల ప్రైమర్‌లోనే అదే పసుపు కలిపించి ఒక కోటు వేసి, దాని మీద మళ్లీ రెండు కోట్లు వేశాం. మచ్చలు పోయాయి. ఇక మిగతా మూడు గోడలకు పసుపు మానేసి 80 విలువున్న లేత మీగడ రంగు వేశాం. ఎదురెదురు గోడలు రెండూ పసుపైతే వెలుతురు వాటి మధ్య దెబ్బలాడి ఇంకా చిక్కనవుతుంది. అట్టలు ఎదురుగా పెట్టి చూస్తే మూలలు నారింజలోకి దిగాయి.

దశ 8: వేయడం, లెక్క తేలడం

ఒకే షేడ్ డబ్బాలన్నిటినీ పెద్ద బకెట్లో కలిపేశాకే రోలర్ ముంచాం. డబ్బాకూ డబ్బాకూ పిసరంత తేడా ఉంటుంది, గోడ నడిమధ్యలో డబ్బా మారితే గీత పడుతుంది. అంచులు బ్రష్‌తో కోసిన వెంటనే, అవి తడిగా ఉండగానే రోలర్ కలపాలి. ఆరాక కలిపితే గోడ చుట్టూ ఫ్రేము కట్టినట్టు కనబడుతుంది.

బాత్‌రూంలో పూత వేసిన కొద్దిరోజులకే వేడినీళ్ల స్నానాలు మొదలయ్యాయి. సీలింగ్ నుంచి గోధుమ రంగు జిగురు చారలు దిగాయి. తుప్పు అనుకుని టెన్షన్ పడ్డాం గానీ కాదు. పెయింటులోని సబ్బులాంటి పదార్థాలు, పూత పూర్తిగా గట్టిపడక ముందే ఆవిరి తగిలితే, ఇలా పైకి వస్తాయి. మెత్తటి తడి గుడ్డతో తుడిస్తే పోయాయి, మళ్లీ వస్తే మళ్లీ తుడవాలి, తిరిగి పెయింటు వేయనక్కర్లేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను స్నానం అయ్యాక కూడా కాసేపు తిరగనిస్తున్నాం.

నిజంగా పట్టిన లీటర్లు (బ్రాకెట్లో అంచనా):

- సీలింగ్‌లు: 12.4 (11.8)
- హాలు మ్యాట్: 10.3 (10.0)
- హాలు, పక్కన పెట్టేసిన శాటిన్: 1.7 (0)
- పెద్ద పడకగది: 8.8 (8.6)
- పిల్లల గది, పసుపు 3.8 + మీగడ 5.7: 9.5 (7.6)
- వంటగది: 5.1 (5.0)
- బాత్‌రూం: 2.3 (2.2)

మొత్తం: 50.1 లీటర్లు. అంచనా కంటే 4.9 ఎక్కువ. అందులో 3.6 లీటర్లు శాటిన్ కోటుకు, మొదటి పసుపు కోట్లకు పోయాయి. రోలర్లలో, ట్రేల్లో, మచ్చలు సరిచేయడంలో పోయింది 1.3 మాత్రమే. తూచి తీసిన 9.5 అంకె బాగానే నిలబడింది.

మిగిలిన పెయింటును మూత దాకా నిండే చిన్న సీసాల్లోకి వంచి, గది పేరు, షేడ్ నంబరు, బేస్, తేదీ రాసి పెట్టాం. పెద్ద డబ్బాలో అడుగున ఉంచితే లోపలి గాలికి పైన తొక్క కడుతుంది.

ఇంకా మిగిలినవి: నాలుగు వారాలు నిండాక వంటగదిలో, పిల్లల గదిలో తడి గుడ్డ రుద్దుడు పరీక్ష (రుద్దుడు తరగతి కొలిచేటప్పుడు కూడా పూతను 28 రోజులు ఆరనిస్తారు, ముందే రుద్ది పెయింటు మంచిది కాదనడం సరికాదు), పెద్ద పడకగది చెమ్మ గోడ మీద మరోసారి ప్లాస్టిక్ షీటు, ఆ తర్వాత తలుపులు. తలుపులకు నీళ్ల ఆధారిత ఎనామిల్ వైపు మొగ్గు ఉంది. ఆయిల్ ఎనామిల్ తెలుపు వెలుతురు సోకని చోట పచ్చబడుతుంది, మా తలుపుల్లో రెండు ఎప్పుడూ గోడకు ఆనుకుని తెరిచే ఉంటాయి.